తరిగొండ వేంగమాంబ నిత్యచర్య

మదనపల్లె ప్రాంతమున, గుర్రంకొండకు చేరువలో నున్న తరిగొండ గ్రామము శ్రీ లక్ష్మీనృసింహస్వామి ఆలయము వలన ప్రసిద్ధి కెక్కినది. ఆ గ్రామమున 1730వ సంవత్సరమున కానాల కృష్ణయ్య, మంగమాంబ అను పుణ్యదంపతులకు వేంగమాంబ జన్మించెను. నాటి ఆచారము ననుసరించి ఆమెకు బాల్యముననే వివాహమయ్యెను. అచిరకాలముననే వైధవ్యము ప్రాప్తించెను.

ఈ చిన్న వాక్యము వెనుక నున్న దుఃఖమును నేటివారు సులభముగా ఊహింపజాలరు. ఆ కాలమున బాలవితంతువునకు మిగిలినది ఇంటిలో ఒక మూల మాత్రమే. శుభకార్యములకు ఆమె ఎదురురాకూడదు. పగలంతయు చాకిరి, రాత్రియంతయు చింత. మనస్సు క్రుంగి, మాట మరచి, జీవచ్ఛవములై బ్రదికిన స్త్రీలెందరో! వేంగమాంబ అట్లు కాకపోవుటకు కారణము భక్తియే యని ఒక్క మాటలో చెప్పివేయవచ్చును. అది నిజమే. కాని ఆ భక్తి దినదినమును ఏ రూపమున నడచినదో తెలిసికొనిన గాని ఆమె చరిత్ర మనకు బోధపడదు.

చిన్ననాటనే ఆమెకు స్వామిసన్నిధిలో ఏకాంతముగా కూర్చుండుట, తోచినది పాడుకొనుట అలవాటు. లోకము దీనిని పిచ్చి యన్నది. శ్రీవేంకటేశ్వరుడే తన భర్త యని నమ్మి, విధవాచారములకు ఆమె అంగీకరింపనందున నిందలు మిన్నుముట్టెను. తండ్రి మాత్రము కుమార్తె మనస్సును గుర్తించి, మదనపల్లెలోని రూపావతారం సుబ్రహ్మణ్యాచార్యుల కడకు పంపెను. ఆయన వలన ఆమెకు యోగాభ్యాసము, అధ్యాత్మవిద్య లభించెను. లోకము ఉన్మాదమని తీర్పుచెప్పిన చోట, బిడ్డను గదిలో బంధింపక గురువు చేతిలో పెట్టిన ఆ తండ్రి వివేకమును ఎంత కొనియాడినను తక్కువే.

తాను ఓనమాలైనను గురువుల వద్ద నేర్వలేదనియు, తరిగొండ నృసింహుడే తనచేత పలికించెననియు ఆమె వినయముతో తన కావ్యమున చెప్పుకొన్నది. తరిగొండలో నున్నప్పుడే నృసింహశతకము, శివనాటకము, రాజయోగామృతసారము మొదలైనవి వెలసెను. చివరిదానికి మూలము భాగవతమునందలి కపిల దేవహూతి సంవాదము. సంసారమున విసిగిన తల్లికి కుమారుడు తత్త్వము బోధించిన ఆ ఘట్టమును ఆమె ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదనిపించును.

ఆలయమున ఆంజనేయస్వామి విగ్రహము వెనుక ధ్యానమున నుండగా అర్చకుడు ఆమెను అవమానించి వెలికి పంపెననియు, ఆ తరువాత ఆమె తిరుమలకు పయనమయ్యెననియు పెద్దలు చెప్పుదురు. కొండపై మఠమువారి ఆదరణ లభించెను. అచ్చటను పరీక్షలు తప్పలేదు. పొరుగువారు ఎంగిలి విస్తరులు ఆమె వాకిట వేసి బాధించిరని కథ. ఆమె మాత్రము వాదులకు దిగక, తులసివనము పెంచుటకు పూనుకొన్నది. పాదులు త్రవ్వుట, నీరు పోయుట, దళములు కోసి మాల కట్టుట, రాత్రి స్వామికి హారతి ఇచ్చుట, మిగిలిన వేళ రచన. ఇంతే ఆమె దినచర్య. చూడ మిక్కిలి స్వల్పముగా కనిపించును. అయితే మొక్కకు నీరు నేడు పోయక రేపు పోయుదమనిన కుదరదు. మనస్సు బరువుగా నున్న దినమునను చేయి కదలవలసినదే. చేయి కదలినకొలది మనస్సును కదలును. తోటపని యెరిగిన గృహిణులకు ఇది క్రొత్త సంగతి కాదు.

రాత్రివేళ ఆమె స్వామికి ముత్యములతో హారతి సమర్పించెడిదనియు, ఉదయమున గర్భాలయమున ముత్యములు కనబడగా అనుమానమునకు గురియయ్యెననియు ఐతిహ్యము. పిమ్మట ఆమె కొన్ని సంవత్సరములు తుంబురుకోనలో తపస్సు చేసెను. మృగములు తిరుగు ఆ కొండకోనలో సైతము ధ్యానము, జపము నియమము తప్పలేదు. ఆలయమువారు మరల పిలిపించిన తరువాతనే ఆమె మహారచనలలో అధికభాగము వెలువడెను.

వానిలో వేంకటాచలమాహాత్మ్యము యాత్రికులకు సుపరిచితము. ద్విపదభాగవతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము మొదలగునవి మరికొన్ని. వాసిష్ఠరామాయణమును ప్రత్యేకముగా చెప్పవలెను. తీర్థయాత్ర ముగించి వచ్చిన శ్రీరాముడు అన్నపానములందు రుచి లేక, ఎవరితో మాటాడక, విషాదమున మునిగియుండుటతో ఆ కథ ఆరంభమగును. వసిష్ఠుడు ఆ విషాదమును తప్పుగా నెంచి మందలింపడు. దానినే విచారణకు ద్వారముగా చేయును, కథలు చెప్పును. ఇంతటి గంభీరవిషయమును వేంగమాంబ ద్విపదలో, ఇంటింట పాడుకొనుటకు వీలైన నడకలో రచించెను. విషాదము నెరిగినవారే ఆ పని చేయగలరు.

అయినను ఆమె తనలో తాను మునిగియుండిన వ్యక్తి కాదు. నృసింహజయంతి సందర్భములందు కొండకు వచ్చు యాత్రికులకు అన్నదానము, చలివేంద్రముల ద్వారా జలదానము జరిపించెను. ఒకనాడు ఎంగిలి విస్తరులు వాకిట పడిన ఆ తల్లి పేరనే తిరుమలలోని నిత్యాన్నప్రసాద భవనము 2011లో ప్రారంభమయ్యెను.

1817వ సంవత్సరము శ్రావణశుద్ధ నవమినాడు ఆమె తిరుమలలోనే దేహము చాలించెను. శ్రీవారి ఆలయమునకు ఉత్తరదిశను ఆమె బృందావనము కలదు. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాలహారతి నేటికిని సంప్రదాయముగా జరుగుచున్నవి. ఆ హారతికి పళ్ళెరమున ముత్యములతో దశావతారములలో దినమునకొక్క రూపమును తీర్చుదురు. మరునాటికి మరియొక రూపము.