ఆర్థర్ వేలీ

జపాను దేశమును ఒక్కమారైనను కన్నులార చూడకయే, ఆ దేశపు ప్రాచీన సాహిత్యమును ఆంగ్ల పాఠకులకు ఆత్మీయము గావించిన మహనీయుడు ఆర్థర్ వేలీ. ఈయన 1889లో ఇంగ్లండునందలి టన్‌బ్రిడ్జి వెల్సు పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిను భాషల నభ్యసించెను గాని, నేత్రవ్యాధి వలన చదువు ముందుకు సాగలేదు. 1913లో బ్రిటిషు మ్యూజియమున ప్రాచ్య చిత్రశాఖలో ఉద్యోగము లభించెను. ఆ పటములపై వ్రాతలు చదువవలసి వచ్చుటచే చీనా, జపాను భాషలను స్వయంకృషితో నేర్చెను.

1919లో జపాను పద్యముల సంపుటి నొకదానిని ప్రకటించెను. 31 మాత్రల చిన్న పద్యమున శబ్దమును, శ్లేషయు అనువాదమున నిలువవని యెరిగి, మూలమును రోమను లిపిలో ముద్రించి, ప్రక్కనే అర్థమును, వ్యాకరణమును చేర్చెను. చదువరి మూలము కడకే పోవలెనని ఆయన యభిలాష.

ఆయన కీర్తికి మూలము "గెంజి గాథ". 11వ శతాబ్ది ప్రారంభమున, రాణివాసపు కొలువులోని మురసాకి షికిబు అను విదుషీమణి 54 అధ్యాయములుగా దీనిని రచించెను. ఇందు వాక్యమునకు కర్త తరచు కానరాదు. క్రియలోని గౌరవసూచనను బట్టి పలికిన దెవరో గ్రహింపవలెను. "వచ్చెను", "వచ్చిరి" అను భేదము గల మనకిది కొంత సుబోధమే. ఆంగ్లమున కట్టి సదుపాయము లేదు. అంతకన్న కష్టమైనది "అవారె" అను భావము. రాలుచున్న పూవును చూచినపుడు దాని సొగసును, అనిత్యతను ఒక్క క్షణముననే గుర్తించి మనసు చలించుట అవారె. ఇదియే ఈ గ్రంథమునకు ప్రాణమని 18వ శతాబ్ది పండితుడు మొతొఓరి నొరినాగ నిరూపించెను. మన కరుణరసమునకు దగ్గరగా దోచినను, ఇందు శోకము స్వల్పము, ఆస్వాదన మధికము.

వేలీ ఒక్క మాట కొక్క మాట వెదకక, ఆ భావమును వాక్యముల నడకలో నిలుప యత్నించెను. 1925 మొదలు 1933 వరకు ఆరు సంపుటములు వెలువడెను. పెక్కు పద్యములను వచనముగా మార్చెను, కొన్నింటిని విడిచెను. 38వ అధ్యాయమును పూర్తిగా వదలెను. శరద్రాత్రి తోటలో కీటకముల స్వరము వినెడి ఆ అధ్యాయమున కథ కొంచెము, అవారెయే సర్వస్వము. స్వేచ్ఛను మన్నింపవచ్చును గాని, ఈ లోపమును మన్నించుట కష్టము. సమగ్రమైన ఆంగ్లానువాదమునకు పాఠకులు 1976లో సైడెన్‌స్టికర్ గ్రంథము వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను.

ఉద్యోగమును 1929లోనే విడిచిన వేలీ, 1966లో లండను నగరమున పరమపదించెను. ఆయన ఆంగ్ల గెంజి 2017 నుండి 2019 వరకు తిరిగి జపాను భాషలోనికి అనువదింపబడి, నాలుగు సంపుటములుగా మురసాకి దేశీయుల చేతి కందెను.