శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి విద్యాదీక్ష

సంఘసేవకు చదువు ముందా, చదువుకు సేవ ముందా? శ్రీమతి దుర్గాబాయి గారి విషయమున సేవయే ముందు వచ్చినది. 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను; ఆ బంధమును పిమ్మట వదలుకొనిరి. తామింకను బాలికగా నుండగనే బాలికలకు హిందీ పాఠశాల నడపిరి. ఉప్పు సత్యాగ్రహమున చెఱకేగిరి. మధుర చెఱలో, చట్టమెఱుగక శిక్షలపాలైన స్త్రీలను చూచి, తాము చదువవలెనని నిశ్చయించుకొనిరి.

అప్పటికామెకు ఇరువదియేండ్లు దాటినవి. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ గట్టెక్కి, పిమ్మట వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరబోయిరి. అచ్చట స్త్రీలకు వసతిగృహము లేనందున ప్రవేశమే దుర్లభమయ్యెను. మఱియొకరైనచో వెనుదిరిగియుందురు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, తమవలె చదువుగోరు కన్యలను కూడగట్టి, వసతిని తామే ఏర్పఱచుకొనిరి! రాజనీతిశాస్త్రమున బి.ఏ. ఆనర్సు ముగించి, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి.

ఈ చదువుల నడుమనే, 1937లో, మదరాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిరి. తాము శ్రమించి దాటిన ఆ కాశీ పరీక్షకే అచ్చట ఇతర స్త్రీలను సిద్ధపఱచిరి. ఒక్కరు నడచిన కాలిబాట పలువురకు రహదారి యయ్యెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలుగ నియమితులైరి. అదే సంవత్సరమున శ్రీ చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడిరి. 1981లో పరమపదించిరి.

1958లో ఆ మండలి వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. చిన్ననాట బడి తప్పిన స్త్రీలు అందు చదివి పరీక్షలకు కూర్చుండిరి. ఉపాధ్యాయినులుగ, దాదులుగ, గ్రామసేవికలుగ శిక్షణకు వెడలిరి.