పల్లెదొడ్డికి పటయోగ్యత: దామెర్ల రామారావు

చల్లపల్లి పరిసరములందలి పల్లెలలో ఒకప్పుడు ప్రతి కాపు ఇంటను ఒక దృశ్యము కనబడుచుండెడిది. తాటాకు కప్పిన పశువుల కొట్టము, దాపున వరిగడ్డి వామి, వాకిట ధాన్యపు పురి, గాడివద్ద నెమరువేయు ఎడ్లు, పైన మధ్యాహ్నపుటెండ. నిత్యము చూచునది గనుక దానిని చిత్రింపదగిన వస్తువుగా మనవారిలో పెక్కురు తలపలేదు. పటమనిన దేవతలదో, రాజులదో, రవివర్మ నాయికలదో కావలెను. చుట్టునున్న నేలకును పటములో చోటు కలదని తెలుగువారికి చూపినవారిలో ప్రథమగణ్యుడు దామెర్ల రామారావు. ఆయనది గోదావరితీరమే. కాని డెల్టా పల్లెకు కృష్ణయైన నేమి, గోదావరియైన నేమి?

1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున ఆయన జన్మించెను. చదువుకంటె బొమ్మలపై మక్కువ మెండు. అచటి ఆర్ట్సు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొర ఆ మక్కువను గుర్తించెను. దొర స్వయముగా నీటిరంగులతో తెలుగు సీమను చిత్రించినవాడు. అడివి బాపిరాజును ఆయన శిష్యుడే. పరాయి దేశపువాడు వచ్చి మన గట్లను, తోపులను మనకు చూపవలసివచ్చుట కొంత సిగ్గుపడదగిన విషయమే యైనను, సత్యము.

కూల్డ్రే ప్రోత్సాహముతో రామారావు 1916లో బొంబాయి జె. జె. కళాశాలలో చేరి, 1920లో విద్య ముగించి స్వస్థలమునకు వచ్చి, అచట చిత్రకళాశాలను నెలకొల్పెను. సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకారము వంటి పటములు ఆయనకు కీర్తి తెచ్చినవి. వానితోపాటు గోదావరిని, దాని ననుసరించు తూర్పు కనుమలను ఆయన ప్రీతితో చిత్రించెను.

ఆ కాలముననే బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు వంగ సంప్రదాయమును బోధించుచుండెను. అందు రంగు వేసిన కాగితమును మాటిమాటికి నీట తడిపి, గీతలు మెత్తబడునట్లు చేయుదురు. పురాణగాథలకు ఆ మంచుతెర అందమే. కాని మన డెల్టా మధ్యాహ్నమునకు అది పొసగదని నా అభిప్రాయము. సున్నపుగోడపై పడిన ఎండను చూపుటకు కాగితపు తెలుపునే విడిచిపెట్టవలెను. చూరు క్రింది నీడను ఒక్క పూతతో తేల్చవలెను. తప్పిన పూతను దిద్దుట దుస్సాధ్యము. నీడ జరుగకముందే, ఎద్దు లేవకముందే పని ముగియవలెను. ఆరుబయట కూర్చుండి కంటిని సాధన చేసినవానికే అది లొంగును. రామారావు చేసినది అట్టి సాధన.

కాలము ఆయనకు అవకాశ మీయలేదు. 1925 ఫిబ్రవరి 6న మశూచికముచే మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను ఒక నెల యుండెను. భార్య సత్యవాణియు చిత్రకారిణియే.

నేడు చల్లపల్లి ప్రాంతమున పురులు మాయమైనవి, కొట్టములు అరుదైనవి. దున్నుటకు ట్రాక్టరు వచ్చినది. రామారావు వెనుక మరి యిరువదియేండ్లు బ్రతికియుండినచో ఆ దొడ్లలో ఎన్ని కాగితముపై నిలిచియుండెడివో! మిగిలిన పటములను చెల్లాచెదరు కానీయక కాపాడు భారమును మిత్రుడు వరదా వెంకటరత్నము తలకెత్తుకొనెను. రాజమహేంద్రవరమున దామెర్ల పేర వెలసిన చిత్రశాలలో ఆయన గోదావరి గట్లు గోడలనెక్కినవి.