పాలు పిండేటోళ్ల మాట ఇన్న డాక్టరు

మా అవ్వ మొకం నిండ మసూచి మచ్చలుండె. అమ్మోరు పోసిందనేటోళ్లు. నాకు ఒక్క మచ్చ లేదు. ఎడ్వర్డ్ జెన్నర్ పుణ్యమది.

1749ల ఇంగ్లండుల పుట్టిన పల్లె డాక్టరు. ఆవు పొదుగు పొక్కులు అంటినోళ్లకు మసూచి రాదని పాలు పిండేటోళ్లు జెప్తె శానమంది డాక్టర్లు కొట్టిపారేసిండ్రు. జెన్నర్ ఇన్నడు. 1796ల పాలు పిండే సారా చేతిపొక్కు రసి దీసి 8 ఏండ్ల జేమ్స్‌కు ఎక్కిచ్చిండు. తర్వాత మసూచి ఎక్కిచ్చినా పోరనికి రోగం రాలె. పేదోని బిడ్డ పానంతోటి గసుంటి పరీక్ష ఇయ్యాల ఒప్పుకోం.

టీకా ఏస్తే ఒంట్ల ఆవులు మొలుస్తయని బొమ్మలేసి ఎక్కిరిచ్చినా, తన తోట గుడిసెల పేదలకు పైసల్లేకుంట ఏసిండు. 1823ల కాలంజేసిండు.

మసూచి మనిషి నుంచి మనిషికే పాకుతది. టీకాతోటి ఆ గొలుసు తెగింది. 1980 నాటికి లోకంలనే లేదు.

తమ్మీ, చెల్లే, టీకా మీద పుకారు ఫార్వర్డ్ జేసే ముందు మా అవ్వ మచ్చలు యాదిజేస్కోన్రి.