శిక్షగా చదివిన రాజ్యాంగం: థర్గుడ్ మార్షల్ జీవితం

హాస్టల్లో అల్లరి చేసిన పిల్లలకు ఏదో ఒక శిక్ష వేయక తప్పదు. ఎక్కాలు పదిసార్లు రాయమంటాం, లేదంటే పాఠం చూడకుండా అప్పజెప్పమంటాం. అలాంటి శిక్షే ఒక పిల్లవాడికి బతుకుదారి చూపించింది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక తన జాతి తరఫున కోర్టులో నిలబడి అన్యాయపు చట్టాలను కొట్టివేయించాడు. ఆయనే అమెరికా పౌరహక్కుల న్యాయవాది థర్గుడ్ మార్షల్.

ఆయన 1908 జూలై 2న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. పూర్వీకులు బానిసలుగా బతికినవారు. తండ్రి విలియం రైళ్లలోనూ, తర్వాత తెల్లవారి క్లబ్బులోనూ పనిచేశారు. తల్లి నార్మా టీచరు. తండ్రికి కోర్టు విచారణలు చూడడం ఇష్టం. కొడుకులను వెంట తీసుకెళ్లేవారు. ఇంట్లో భోజనాల దగ్గర వారితో వాదనకు దిగేవారు. ఏ మాట అన్నా దానికి రుజువు చూపించాల్సిందే.

బడిలో థర్గుడ్ మహా అల్లరి. తప్పు చేసినప్పుడల్లా చేతికి అమెరికా రాజ్యాంగం ఇచ్చి చదవమనేవారు. బడి వదిలే నాటికి అదంతా కంఠతా వచ్చేసింది. చట్టం అందరికీ సమాన రక్షణ ఇస్తుందని ఆ పుస్తకంలో ఉంది. కళ్లెదుట చూస్తే నల్లపిల్లలకు వేరే బడి, తెల్లపిల్లలకు వేరే బడి.

లా చదవాలనుకున్నప్పుడు ఆ తేడా ఆయనకే అడ్డు తగిలింది. సొంత ఊళ్లో ఉన్న మేరీలాండ్ విశ్వవిద్యాలయం లా కాలేజీలో నల్లవారికి చోటు లేదు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఫీజు కోసం తల్లి తన పెళ్లి ఉంగరాలు తాకట్టు పెట్టింది. ఆయన రోజూ రైల్లో వెళ్లి వచ్చి చదివారు. అక్కడ చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ అనే గురువు దొరికారు. చాలా కఠినుడు. సమాజానికి పనికిరాని లాయరు చదువు వృథా అని ఆయన నమ్మకం. 1933లో మార్షల్ తరగతిలో మొదటివాడిగా బయటికొచ్చారు.

మూడేళ్లు తిరక్కుండానే గురుశిష్యులిద్దరూ కలిసి డొనాల్డ్ మరే అనే నల్లజాతి విద్యార్థి తరఫున కేసు గెలిచి, అదే మేరీలాండ్ లా కాలేజీ తలుపులు తెరిపించారు. ఒకే పని చేసే నల్ల టీచర్లకు, తెల్ల టీచర్లకు జీతాల్లో తేడా ఉండేది. దాని మీదా మార్షల్ కేసులు నడిపారు. టీచరుగా శిక్షణ పొందిన నాకు ఆ సంగతి మరీ గుర్తుండిపోయింది.

ఇక ఓటు సంగతి. రంగు కారణంగా ఓటు నిరాకరించరాదని 1870లోనే అమెరికా రాజ్యాంగంలో చేర్చారు. కానీ దక్షిణాది రాష్ట్రాలు దొడ్డిదారులు వెతికాయి. టెక్సాస్‌లో అప్పట్లో డెమొక్రటిక్ పార్టీదే రాజ్యం. ఆ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఎవరు గెలిస్తే వారే చివరికి గెలిచేవారు. ఆ ప్రైమరీలో తెల్లవారికే ఓటు. పార్టీ మా సొంత సంఘం, ఎవరిని రానివ్వాలో మా ఇష్టం అన్నది వారి వాదన. హ్యూస్టన్ నగరంలో లోనీ స్మిత్ అనే నల్లజాతి పళ్ల డాక్టరు దీని మీద కేసు వేశారు. ప్రైమరీ కూడా ప్రభుత్వ చట్టాల కింద జరిగే ఎన్నికలో భాగమేనని మార్షల్ బృందం వాదించింది. 1944 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా వీరి పక్షాన తీర్పు చెప్పింది.

ఇదంతా చల్లని గదుల్లో కూర్చుని చేసిన పని కాదు. 1946లో టెనెసీ రాష్ట్రంలోని కొలంబియా ఊళ్లో నల్లవారి తరఫున వాదించి తిరిగి వెళ్తుంటే పోలీసులు దారి కాశారు. తాగి బండి నడిపారని అబద్ధపు నేరం మోపి, తమ కారులో ఎక్కించుకుని నది వైపు తీసుకెళ్లారు. తోటి లాయర్లు ప్రాణాలకు తెగించి వెనకే వెళ్లారు. అందుకే పోలీసులు వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఆయన తాగలేదని తేల్చి మేజిస్ట్రేటు వదిలేశారు. ఆ రాత్రి బతికి బయటపడిన మార్షల్ మళ్లీ కేసులు పట్టుకుని ఊళ్లు తిరిగారు.

1954 మే 17న వచ్చిన బ్రౌన్ కేసు తీర్పు ఆయన పేరును చరిత్రలో నిలిపింది. బడుల్లో రంగును బట్టి పిల్లలను వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. సుప్రీంకోర్టులో ఆయన వాదించిన 32 కేసుల్లో 29 గెలిచారు. 1967లో అదే కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. 1991 దాకా పనిచేసి, 1993 జనవరి 24న కన్నుమూశారు.

ఒక మాట మరవకండి. 1944 తీర్పుతో అన్నీ చక్కబడలేదు. ఓటు వేయాలంటే పన్ను కట్టమనడం, చదువు పరీక్షలు పెట్టి తప్పించడం ఆ తర్వాతా సాగాయి. ఎందరో సామాన్యులు వీధుల్లో నడిచి, దెబ్బలు తిన్నాకే 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చింది. కోర్టులో గెలిచిన హక్కును ఊళ్లో నిలబెట్టుకోవాల్సింది జనమే.

మన రాజ్యాంగం పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటిచ్చింది. అయినా హాస్టల్ నుంచి కాలేజీలకు వెళ్లిన మన పిల్లలను అడిగితే, ఓటరు జాబితాలో పేరు ఉందో లేదో చాలామందికి తెలియదు. ఫారం 6 నింపడానికి ఒక పూట చాలు. మీ పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లో రాజ్యాంగ పీఠిక ఉంటుంది. దాన్ని ఎవరూ శిక్ష వేయకముందే చదవండి. చదివి, చుట్టూ చూడండి. పుస్తకంలో ఉన్నదానికీ మన ఊళ్లో జరుగుతున్నదానికీ తేడా కనిపిస్తే, ఆ తేడా గురించి అడగడం నేర్చుకోండి. మీలో ఒక్కరు లా చదివి మన గూడేల తరఫున కోర్టు మెట్లెక్కినా, ఈ నాలుగు మాటలు రాసినందుకు నాకు అంతకన్నా సంతోషం లేదు.