మరల దొరకిన ఆయువు

కామారెడ్డి జిల్లా భిక్నూరు మీదుగా హైదరాబాదునకు బోవు రాజమార్గమున రోగులను గొనిపోవు వాహనములు సాగని దినము లేదు. అట్లు పోయినవారిలో పలువురు శస్త్రచికిత్స పొంది, కుట్లు మానకమునుపే యింటికి మరలివత్తురు. బంధువులు పరామర్శింతురు. ఇంటివారు సిద్ధరామేశ్వరస్వామికి మ్రొక్కు చెల్లింతురు. అంతటితో ఋణము తీరినదా? మృత్యుముఖమునుండి తిరిగివచ్చినవాడు మిగిలిన దినములను దేనికి వినియోగింపవలెను? ఈ ప్రశ్నకు నీతిబోధలకంటె ఒక మహాపురుషుని చరిత్రమే తగిన సమాధానము చెప్పగలదని తలచి, గాంధీమహాత్ముని జీవితమందలి యొక ఘట్టమును నేడు పాఠకులకు జ్ఞప్తి చేయుచున్నాము.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిన గాంధీజీ, ఆంగ్లదేశమున బారిష్టరు పట్టము పొంది, దక్షిణాఫ్రికాలో భారతీయుల హక్కులకై చిరకాలము పోరాడి, 1915లో స్వదేశము చేరిరి. సహాయనిరాకరణోద్యమము దేశమంతట ప్రజ్వరిల్లుచుండగా, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింసాకాండ జరిగెను. వారు ఉద్యమమును నిలిపివేసిరి. మరుసటి నెలలోనే ప్రభుత్వము వారిని నిర్బంధించి, మార్చి 18వ తేదీన అహమ్మదాబాదులో విచారణ జరిపి, ఆరేండ్ల కారాగృహవాసము విధించెను. ఎరవాడ చెరసాలయే వారి నివాసమయ్యెను.

1924 జనవరి వచ్చెను. మన కాకినాడలో కాంగ్రెసు మహాసభ ముగిసి పక్షము దినములైనను గడవలేదు. చెరసాలలో గాంధీజీకి జ్వరము, కడుపునొప్పి ముదిరెను. అపెండిసైటిస్ అని వైద్యులు నిర్ణయించి, పూనాలోని సాసూన్ ఆసుపత్రికి చేర్చిరి. తా మెరిగిన వైద్యులను బొంబాయినుండి రప్పించుటకు వ్యవధి లేదు. కత్తి పట్టవలసినవాడు కర్నల్ మాడక్ అను ఆంగ్లేయుడు, తమ్ము బంధించిన ప్రభుత్వమునకు ఉద్యోగి. ఇంతేకాదు, 1909లో రచించిన హింద్ స్వరాజ్ గ్రంథమున ఆసుపత్రులను, పాశ్చాత్యవైద్యమును తీవ్రముగా ఖండించినవారు గాంధీజీయే.

ఆ సంకటస్థితిలో వారు చేసినదేమి? వైద్యునియందు తమకు పూర్ణవిశ్వాసము కలదనియు, చికిత్సకు సమ్మతించితిమనియు తెలుపు ప్రకటనపై వణకుచేతితో సంతకము చేసిరి. ఫలితమెట్లున్నను ప్రజలు అలజడి చేయరాదని కోరిరి. శ్రీనివాసశాస్త్రిగారు అప్పుడు చెంత నుండిరి. జనవరి 12వ తేదీ రాత్రి శస్త్రచికిత్స ప్రారంభమయ్యెను. నడుమ గాలివానవలన విద్యుద్దీపములు ఆరిపోయెను. చేతిదీపము నారిపోగా, హరికేన్ లాంతరు వెలుగున మాడక్ తన పని పూర్తిచేసెను. కోట్లమంది ఆశ ఆ చిన్నలాంతరు చుట్టును నిలిచియుండెనని చెప్పవచ్చును.

గాయము మానుటకు కాలము పట్టెను. ఫిబ్రవరి మొదటివారములో ప్రభుత్వము షరతులు లేక వారిని విడుదల చేసెను. దేశము సంతసించెను, గాంధీజీ మాత్రము సంతసింపలేదు. రోగము కారణముగా విడుదలయగుట ఖైదీకి గర్వకారణము కాదని వారి భావము. వైద్యునికిని, పరిచారికలకును హృదయపూర్వకముగా కృతజ్ఞత తెలిపిరి. అయినను ఆ కృతజ్ఞతను ప్రభుత్వమునకు దాసోహమనుటగా మార్చలేదు. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము. ఉపకారము చేసిన మనుష్యునికి చేయెత్తి మ్రొక్కవచ్చును, అన్యాయపు శాసనమునకు తల వంచనక్కరలేదు. ఆధునికవైద్యము నేల యంగీకరించితిరని కొందరు నిలదీయగా, బ్రతుకుపై నింకను మమకారము తీరలేదని తమ బలహీనతను దాచక యొప్పుకొనిరి.

పిమ్మట జుహూ సముద్రతీరమున విశ్రాంతి గైకొనుచునే యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికల సంపాదకత్వమును తిరిగి చేపట్టిరి. కత్తిగాటు పడిన యేడాదిలోనే, సెప్టెంబరు 17వ తేదీన, హిందూముసల్మానుల ఐక్యమునకై ఢిల్లీలో ఇరువదియొక్క దినముల ఉపవాసము పూనిరి. డిసెంబరులో బెల్గాము కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. 1925లో అఖిలభారత చరఖాసంఘమును స్థాపించిరి. 1929లో ఖద్దరునకై ఆంధ్రదేశపు పల్లెపల్లెకు తిరిగిరి. ఆ యాత్రలో తమ నగలను విప్పియిచ్చిన స్త్రీలెందరో! 1948 జనవరి 30 వరకు లభించిన ఆ యిరువదినాలుగేండ్లలో వారు తమకై దాచుకొన్నది ఏమియు లేదు.

ఈ చరిత్రము మనకు దూరపుది కాదు. రోగికి బాధ తెలియనీయని క్లోరోఫారము క్షేమమా యని శోధించుటకు 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదులోనే, నిజాము ప్రభుత్వవ్యయముతో, డాక్టరు ఎడ్వర్డు లారీ పర్యవేక్షణమున సంఘములు పనిచేసెను. భిక్నూరునకు ఉత్తరమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠరోగుల ఆసుపత్రిని నెలకొల్పగా, నిజామాబాదు ధనికుడు నర్సాగౌడు ధనసహాయము చేసెను. ఎవరో శోధించిరి, ఎవరో రాత్రి మేల్కొనిరి, ఎవరో ధనమిచ్చిరి. మనలో స్వస్థుడై యిల్లు చేరిన ప్రతివాడును ఇట్టివారికి ఋణపడినవాడే.

ఆ ఋణము ఆసుపత్రి బిల్లుతో తీరదు. గాంధీజీవలె దేశమును నడపుట అందరికి సాధ్యము కాదు. కాని భూవసతి గలవాడు తన పాలేరు కడుపునొప్పితో మూలుగుచున్నప్పుడు పసరుమందుతో సరిపెట్టక, బండి కట్టించి సకాలమున ఆసుపత్రికి పంపవచ్చును. పట్టణవాసి రక్తదానము చేయవచ్చును. చికిత్స పొందినవాడు భయపడుచున్న పొరుగువాని ప్రక్కన కూర్చుండి ధైర్యము చెప్పవచ్చును. కడుపుమీది మచ్చ చూచుకొన్నప్పుడెల్ల ఆ రాత్రి లాంతరు పట్టిన చేయి స్మరణకు రావలెను. ఇక మరియొకరికి లాంతరు పట్టుట మన వంతు.