అశ్వశక్తిని లెక్కగట్టిన జేమ్స్ వాట్

స్కాట్లాండు దేశమున గ్రీనాక్ అను రేవుపట్టణమందు 1736వ సంవత్సరము జనవరి 19వ తేదీన జేమ్స్ వాట్ జన్మించెను. తండ్రి ఓడలకు వలయు సామగ్రిని చేయించి అమ్మెడి వర్తకుడు. బాలుడు రోగిష్ఠి. బడికంటె తండ్రిగారి పనిశాలయే అతనికి ఎక్కువ విద్య గరపెను. పందొమ్మిదవ యేట లండనునకేగి గణితశాస్త్ర పరికరములు చేయు పనిని ఒక్క సంవత్సరములో నేర్చుకొని వచ్చెను. గ్లాస్గో నగరమున అంగడి పెట్టబోగా, నియమితకాలము శిష్యరికము చేయలేదని అచ్చటి లోహకారుల సంఘమువారు అడ్డుపడిరి. విశ్వవిద్యాలయమువారు 1757లో తమ ఆవరణమందే ఒక గది యొసగి యాదుకొనిరి.

ఆ గదికే 1763-64 శీతకాలమున న్యూకమెన్ ఆవిరి యంత్రపు నమూనా యొకటి బాగుచేతకై వచ్చెను. అందు ఒకే గొట్టమును మాటిమాటికి వేడిచేసి మరల చల్లార్చుటవలన ఆవిరిలో అధికభాగము వృథాయగుచున్నదని వాట్ కనిపెట్టెను. ఆవిరిని వేరొక పాత్రలోనికి గొనిపోయి చల్లార్చు ఉపాయము 1765లో అతనికి తోచెను. 1769లో దానికి పేటెంటు లభించెను. కాని ఉపాయము తోచుట వేరు, యంత్రము నడచుట వేరు. ఆ పిమ్మట కొన్నియేండ్లు కాలువల సర్వే పనులతో కుటుంబమును పోషించుకొనవలసి వచ్చెను. 1773లో భార్య మరణించెను. అదే యేట భాగస్వామి రోబక్ దివాలా తీసెను. బర్మింగుహాము పారిశ్రామికుడు మాథ్యూ బోల్టన్ రోబక్ వాటాను గైకొని వాట్‌ను చేరదీసెను. 1775లో పార్లమెంటు ఆ పేటెంటును 1800 వరకు పొడిగించెను.

కార్న్‌వాల్ ప్రాంతపు గనులలో నీరు తోడుటకు ఈ యంత్రములు నెలకొన్నవి. పాతయంత్రముతో పోల్చగా ఎంత బొగ్గు మిగులునో అందు మూడవవంతు వెలను కంపెనీకి చెల్లించుట ఒడంబడిక. ఎన్నిమారులు యంత్రము కదలెనో లెక్కించుటకు తాళము వేసిన పెట్టెలో ఒక గణకయంత్రమును అమర్చెడివారు. అట్లయినను గనియజమానులతో తగవులు తప్పలేదు. లెక్క సరిగా నున్నంతమాత్రమున మనుష్యులు సొమ్ము సంతోషముతో చెల్లింతురా?

పిండిమరలకు, రంపపుమిల్లులకు చక్రమును త్రిప్పు యంత్రము కావలసివచ్చినప్పుడు మరియొక చిక్కు కలిగెను. వారియొద్ద పాత ఆవిరి యంత్రములు లేవు, గుఱ్ఱములుండెను. మా నాలుగు గుఱ్ఱముల పని నీ యంత్రము చేయునా యనుట వారి ప్రశ్న. యంత్రమును గుఱ్ఱములతో పోల్చుట వాట్‌కు పూర్వమే సేవరీ యనునతడు చేసియుండెను. కాని ఆ పోలికకు నిలుకడయైన అంకె నిచ్చినవాడు వాటే. మన గానుగ యెద్దువలె గుఱ్ఱము 24 అడుగుల వ్యాసముగల బాటలో నిమిషమునకు రమారమి రెండున్నర చుట్లు తిరుగుననియు, 180 పౌండ్ల బలముతో లాగుననియు 1782లో అతడు లెక్కవేసెను. మరుసటి యేట నిమిషమునకు 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తు పని యని సరిపరచెను. అదియే అశ్వశక్తి.

సామాన్యమైన గుఱ్ఱము దినమంతయు ఇంత పని చేయజాలదు. కొనువాడు ఎక్కువ పొందవలెనే గాని తక్కువ పొందరాదను వ్యాపారనీతి యిందు ఇమిడియున్నది. పది అశ్వశక్తుల యంత్రమును కొన్న మిల్లుదారునకు పది గుఱ్ఱములకు మించిన పనియే దక్కెను.

అయినను ఆ శక్తి యెచ్చట కొలువబడినది యను ప్రశ్న మిగిలియుండెను. గొట్టములో ఆవిరి ముషలమును ఎంత బలముతో నెట్టుచున్నదో చూపు సాధనమును వాట్ కల్పించెను; అతని సహాయకుడు జాన్ సదరన్ 1796లో దానికి కదలెడి పలకను, పెన్సిలును చేర్చి, ఆ బలము కాగితముపై గీతగా పడునట్లు చేసెను. కంపెనీవారు దీనిని చాలకాలము రహస్యముగా నుంచిరి. కాని గొట్టములో పుట్టిన శక్తియంతయు ఇరుసునకు చేరదు. రాపిడి కొంత మ్రింగివేయును. ఇరుసువద్ద మిగిలిన శక్తిని కొలుచు బ్రేకును ఫ్రెంచి ఇంజనీరు ప్రోనీ 1821లో కల్పించెను. అప్పటికి వాట్ లేడు.

నేటి బరువు లారీలకును ఈ భేదమే వర్తించును. ఇంజనుపై వ్రాసిన అశ్వశక్తి ఫ్లైవీలువద్ద, ఒకానొక వేగమున మాత్రమే కొలిచినది. అచ్చటినుండి గేరుపెట్టె, ప్రొపెల్లరు షాఫ్టు, డిఫరెన్షియలు దాటి చక్రమును చేరునప్పటికి నూటికి పది మొదలు ఇరువది పాళ్లు తరిగిపోవుట సామాన్యము. రెండువందలని వ్రాసిన లారీకి చక్రమువద్ద నూట అరువదియో, నూట ఎనుబదియో దక్కును. ఫ్యాను, బ్రేకులకు గాలి నింపు కంప్రెసరు మున్నగువానిని విప్పివేసి కొలిచిన యంకె మరింత పెద్దదిగా కనిపించును. అమెరికాలో కారుల కంపెనీలు 1971 వరకు అట్టి పెద్ద యంకెలనే ప్రకటించెడివి. 1972 నుండియే సామగ్రియంతయు బిగించి కొలిచిన యంకెను వ్రాయసాగినవి. విచిత్రమేమనగా, పందొమ్మిదవ శతాబ్దమున ఇందులకు విరుద్ధముగా జరిగెను. ఆవిరి ఒత్తిడి పెరిగినను యంత్రకారులు వాట్ కాలపు స్వల్పమైన ఒత్తిడినే యెంచి, గొట్టపు కొలతనుబట్టి నామమాత్రపు అశ్వశక్తిని వ్రాసెడివారు. యంత్రము నిజముగా చేయు పని అంతకు ఎన్నియో రెట్లుండెడిది.

1800లో పేటెంటు ముగియగానే వాట్ వ్యాపారమును కుమారునకు విడిచి విశ్రమించెను. బర్మింగుహాము చెంత హీత్‌ఫీల్డు గృహమున అటకపైనున్న చిన్న పనిశాలలో శిల్పములకు ప్రతులు చెక్కు యంత్రములను చేయుచు కాలము గడపెను. 1819 ఆగస్టు 25వ తేదీన, తన 83వ యేట, ఆ యింటనే మరణించెను. అటకమీది ఉలులు, బల్ల, సగము ముగిసిన పనులు చాలకాలము కదల్పబడక యుండెను. 1924లో వానిని లండనులోని సైన్సు మ్యూజియమునకు తరలించిరి.